సమ్మె రోజు మా బావ నడిపిన వ్యాను

మా బావ సిటీ బస్సు డ్రైవరు. ఆయన్ను చూసినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో కుర్చీలోంచి లేచేటప్పుడు కూడా ముందు కుడివైపు చూస్తాడు, తరవాత ఎడమవైపు చూస్తాడు, అప్పుడు గాని కాలు కదపడు. భోజనానికి కూర్చున్నాక అందరూ వచ్చారా లేదా అని ఓసారి వెనక్కి తిరిగి చూసుకుంటాడు. బజారుకు నడిచి వెళ్తున్నా సరే, బస్‌స్టాపు రాగానే ఆయన కాళ్ళు వాటంతట అవే నెమ్మదిస్తాయి. ఎక్కేవాళ్ళూ లేరు, దిగేవాళ్ళూ లేరు. అయినా ఆ రేకు కప్పు కింద ఒక్క క్షణం ఆగి మళ్ళీ బయలుదేరతాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. మా బావది పుట్టుకతో వచ్చింది కాదు, స్టీరింగుతో వచ్చింది. అది ఇంకా మొండిది.

ఈయనతో మా అక్క ఎలా వేగుతుందో అని కొత్తలో నాకు బెంగగా ఉండేది. తీరా చూస్తే ఆవిడ ఈయనకంటే రెండాకులు ఎక్కువే చదివింది. పొద్దున పూట బావ పేపర్లో తల దూర్చి కూర్చుంటే పిలవదు, అరవదు. వంటింటి గోడ మీద గరిటెతో రెండుసార్లు టకటకమని కొడుతుంది. కండక్టరు బస్సు రేకు మీద కొట్టి ‘రైట్ రైట్’ అన్నట్టన్నమాట. బావ చటుక్కున లేచి స్నానానికి పోతాడు. ఒక్కసారే కొడితే ఆగమని అర్థం. ఒకసారి బావ మా మేనత్తతో వాదన పెట్టుకుని గొంతు పెంచుతుంటే అక్క బల్ల మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టింది. ఆయన మాట సగంలోనే ఆగిపోయింది. మా మేనత్త ఆ రోజు నుంచి అక్కను కాస్త భయంగానే చూస్తుంది.

అక్క పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. నేను వాళ్ళింట్లోనే పై వాటాలో ఉంటాను, బజారులో కళ్ళజోళ్ళ కొట్టులో పని. కిందింట్లో ఏం జరిగినా నాకు తెలియకుండా పోదు. గోడలు పలచన, పైగా నా చెవులు మంచివి.

ఇక బావ డ్రైవర్ల సంఘానికి కార్యదర్శి ఎలా అయ్యాడో చెప్పాలి. ఎన్నిక రోజున ‘ముందుకొచ్చేవాళ్ళెవరు’ అని అడిగితే అందరూ తలా ఒక అడుగు వెనక్కి వేశారట. ఈయన కుడివైపు చూసి, ఎడమవైపు చూసే లోపల ముందు వరసలో ఒక్కడే మిగిలాడు. అలా అయినా, అయ్యాక మాత్రం పని మనసు పెట్టి చేశాడు. రూటు చివర డ్రైవర్లకు కూర్చోవడానికి గది లేదు, మరుగుదొడ్డి లేదు. అర్జీలు పెట్టి పెట్టి వీళ్ళ చేతులు నొప్పి పుట్టాయే గాని అవతలివాళ్ళలో చలనం లేదు. ఆఖరికి సమ్మె అన్నారు. తేదీ ఖరారు చేసే మీటింగులో మొదట చెయ్యెత్తింది మా బావే. మంచి హుషారుగా ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూనే ఫలానా రోజు సమ్మె అని ప్రకటించాడు.

అక్క బట్టలు మడతపెడుతోంది. చేతిలో ఉన్నది మడత పూర్తి చేసి, బల్ల మీద పెట్టి, ‘ఏ రోజు?’ అంది.

బావ మళ్ళీ చెప్పాడు. చెబుతుండగానే మొహంలో రంగు మారింది.

ఆ రోజే నర్సుల వార్షిక సదస్సు. ఊరికి ఆ చివర ఉన్న పెద్ద హాల్లో. అందులో మా అక్క మాట్లాడాలి. ఇంతకు ముందు కూడా ఆవిడకు రెండుసార్లు పిలుపొచ్చింది. ఒకసారి డ్యూటీ మార్చుకోవాల్సిన ఆవిడ రాకపోవడంతో వార్డు వదిలి కదల్లేకపోయింది. ఇంకోసారి వార్డంతా జ్వరాలు. ఇది మూడోది, ఆఖరిది కూడా. వచ్చే ఏడాది ఈపాటికి అక్క రిటైరైపోతుంది. నెల రోజులుగా అద్దం ముందు నిలబడి ప్రసంగం వల్లిస్తోంది. దువ్వెన పట్టుకుని మైకు ముందు ఉన్నట్టు నిలబడేది. అదంతా నేను మెట్ల మీంచి చూస్తూనే ఉన్నాను.

‘నాకు గుర్తు రాలేదే,’ అన్నాడు బావ.

‘గుర్తుండదు లెండి,’ అంది అక్క. ‘సమ్మె న్యాయమైనదే. చేయండి.’

అంతే. ఆ తరవాత ఆ విషయం ఎత్తలేదు. అక్క అరిచిందంటే భయం లేదు, గాలివానలా వచ్చి పోతుంది. ఇలా ‘చేయండి’ అని ఊరుకుందంటేనే మా ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడుతుంది. వారం రోజులు గోడ మీద గరిటె చప్పుడు లేదు. బావ పేపరు చదివి, మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివి, ఎవరూ లేపక, తనే లేచి వెళ్ళేవాడు. ఆయన అవస్థ చూస్తే కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది. తేదీ మార్పించమని అడగడానికి సంఘం దగ్గర మొహం చెల్లదు. ఇంట్లో అక్కను చూడ్డానికి మొహమే లేదు.

‘ఏం బావా, మీ ఆవిడ మీటింగుకు మీటింగు పెట్టి మరీ అడ్డం పడ్డావట,’ అన్నాను ఓ సాయంత్రం. ఊరుకుంటే నేను మరదల్ని ఎలా అవుతాను?

‘పుండు మీద కారం చల్లడానికి పై వాటా నుంచి దిగి వచ్చావా?’ అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, ‘మీ అక్కను నేనే తీసుకెళ్తాను. వెళ్ళి, వెనక వరసలో కూర్చుని మొత్తం వింటాను. ఇన్నేళ్ళలో ఆవిడ పని చేసే చోటు కూడా లోపలికెళ్ళి చూడలేదు నేను. ఎప్పుడూ డ్యూటీయే. ఆ రోజైనా నాకు ఖాళీ కదా,’ అన్నాడు. నవ్వుదామనుకున్నాను గాని, నవ్వు రాలేదు.

సమ్మె రోజు తెల్లవారింది. ఊరు ఊరంతా కాళ్ళకు పని చెప్పింది. ఆఫీసు సంచులు భుజాన వేసుకుని ఆడా మగా రోడ్డు నిండా నడుస్తున్నారు. ఎప్పుడూ పలకరించుకోని ఎదురింటివాళ్ళు కూడా ఒకరి స్కూటరు వెనక ఒకరు ఎక్కి స్నేహం చేసేశారు. ఆటో దొరకడం గగనమైంది. మా కొట్టు యజమాని ఫోను చేసి, తను రాలేనని, నేను వెళ్ళినా తాళాలు తన దగ్గరే ఉన్నాయని చెప్పాడు. అలా నాకూ సెలవు దొరికింది. ఆసుపత్రిలో ముందు రోజు డ్యూటీవాళ్ళు రాత్రికి అక్కడే ఉండిపోయేలా అక్క ముందే ఏర్పాటు చేసింది కాబట్టి వార్డు బెంగ లేదు.

పక్క సందులో లాండ్రీ ఆయనకు ఒక వ్యాను ఉంది. పనివాళ్ళు రాలేదు, వ్యాను ఊరికే నిలబడి ఉంది. బావ వెళ్ళి అడిగితే ఇచ్చాడు గాని, ‘వెనకాల హోటలువాళ్ళ దుప్పట్లు మూటలు కట్టి ఉన్నాయండీ, ఇస్త్రీ చేసినవి. నలగకుండా చూడండి,’ అని నాలుగుసార్లు చెప్పాడు.

అక్క తెల్ల కోటు వేసుకుని, ఛాతీ మీద తలకిందులుగా వేలాడే నర్సుల గడియారం, చేతిలో ప్రసంగం కాయితాలతో ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక చిన్న బెంచీ మీద, దుప్పటి మూటల పక్కన. పొద్దున్నుంచి అక్క పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తినడానికి ఏదో డబ్బాలో పెట్టి తెచ్చింది బావే.

‘రైలు పట్టాల పక్క రోడ్డున పోదాం. ఖాళీగా ఉంటుంది,’ అంది అక్క. అది దగ్గర దారి. పైగా డిపో ముందు నుంచి పోనక్కర్లేదు. బావ సరేనన్నాడు. సరేనంటూనే, నాలుగు రోడ్ల కూడలిలో ఎడమవైపుకు తిరగాల్సింది పోయి, కుడివైపుకు తిప్పేశాడు. కావాలని కాదు. కొన్నేళ్ళుగా రోజూ ఆ కూడలిలో కుడివైపుకే తిరిగిన చేతులవి. వాటికి సమ్మె సంగతి ఎవరూ చెప్పలేదు.

‘ఏమండీ, ఇటు కాదు,’ అంది అక్క.

‘ఇటే మంచిది,’ అన్నాడు బావ. పరువు దక్కించుకోవడానికి అన్న మాట అని మా ఇద్దరికీ తెలుసు.

వెనక్కి తిప్పుకుందామంటే అది వన్‌వే, ఒకవైపు రోడ్డు. పోనీలే అనుకుంటుండగా వ్యాను నెమ్మదించింది. ఎడమ పక్కకు జరిగింది. ఆగింది. బావ ఇంజను ఆపకుండా, అద్దంలోకి చూస్తూ, అలాగే కూర్చున్నాడు. నేను కిటికీలోంచి చూశాను. బస్‌స్టాపు.

‘బావా, ఎందుకు ఆపావు?’

బావ ఉలిక్కిపడ్డాడు. నిజం చెప్పొద్దూ, ఆయన కండక్టరు రైట్ అనేదాకా ఎదురు చూస్తున్నాడు. ఈలోగా వెనక తలుపు తెరుచుకుంది. గొడుగు ముందు వచ్చింది, దాని వెనక ఒక పెద్దావిడ వచ్చింది. ‘హమ్మయ్య, ఒక్కడికైనా మనసుంది,’ అంటూ ఇస్త్రీ దుప్పట్ల మూట మీద కుదురుగా కూర్చుంది. ఆవిడ వెనక ఒక దవడ వాచిన మనిషి ఎక్కాడు. పన్ను పీకించుకోవడానికి వెళ్తున్నాడట, మాట రాక చేతులతో చెప్పాడు. ఇద్దరు బ్యాంకు గుమస్తాలు ఎక్కారు. దిగండి అని చెప్పడానికి బావ వెనక్కి తిరిగాడు. వాళ్ళందరూ ఆయన మొహంలోకి ఆశగా చూశారు. జీవితంలో ఒక్క ప్రయాణికుణ్ణి కూడా దారి మధ్యలో దింపేసి ఎరగని మనిషి, ఇప్పుడు నోరెలా వస్తుంది? తలుపు పడిందా లేదా చూసుకుని, బండి కదిలించాడు.

తరవాతి స్టాపులో ఆపకూడదని పళ్ళు బిగించి కూర్చున్నాడు. ఆపాడు. ఆ తరవాతి దాంట్లోనూ ఆపాడు. అడుసు తొక్కాక కాలు దాచుకుంటే మాత్రం లాభమేముంది? వ్యాను నిండిపోయింది. అక్కకు ఒకటే పని. ఛాతీ మీద గడియారం ఎత్తి చూసుకోవడం, మళ్ళీ వదలడం. ఆ గడియారం చూసుకున్నప్పుడల్లా బావ మెడ ఇంకాస్త భుజాల్లోకి దిగిపోతోంది.

గొడుగు పెద్దావిడకు మాత్రం నోటికి తాళం లేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలట. ఎన్నాళ్ళకో దొరికిన రోజట. ‘ఈ సమ్మెకు పిలుపిచ్చిన మహానుభావుడెవడో గాని, వాణ్ణి ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు కాళ్ళీడ్చుకుంటూ నడిపించాలి నాయనా. అప్పుడు తెలుస్తుంది,’ అంది.

‘అవునండీ,’ అన్నాడు బావ, స్టీరింగు వంకే చూస్తూ.

‘వాడి పెళ్ళాం ఎలా భరిస్తోందో పాపం.’

అక్క కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదలడం చూస్తే నవ్వుతోందని తెలిసింది. వారం తరవాత అదే మొదటి నవ్వు.

‘వాళ్ళకూ ఏవో బాధలుంటాయి కదండీ,’ అన్నాడు బావ చిన్నగా. ‘పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా బండి మీదే. రూటు చివర మరుగుదొడ్డి కూడా లేదండీ.’

పెద్దావిడ గొడుగు పిడి మీద గడ్డం ఆనించింది. ‘అది మాత్రం కష్టమే,’ అంది. ‘అయినా సరే, నడిపించాలి.’

బస్సు రూటు అన్నాక డిపో ముందు నుంచి పోక తప్పదు. డిపో గేటుకు అడ్డంగా ఎర్ర గుడ్డ కట్టి, టెంటు వేసి, డ్రైవర్లూ కండక్టర్లూ కూర్చుని ఉన్నారు. సమ్మె రోజున నిండా జనంతో, ప్రతి స్టాపులోనూ ఆగుతూ వస్తున్న వ్యానును చూసి పదిమంది లేచి రోడ్డు మీదకు వచ్చారు. డ్రైవరు సీట్లో ఎవరున్నారో చూసి ఎక్కడివాళ్ళక్కడే నిలబడిపోయారు. సంఘానికి అధ్యక్షుడు ముసలి మెకానిక్కు. అందరూ స్పానరు బాబాయి అంటారు. ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, లోపలికి తొంగి చూసి, నెమ్మదిగా అన్నాడు:

‘కార్యదర్శిగారూ, ఇది ఏ రూటు బండండీ?’

టెంటు కింద ఎవరో కిసుక్కున నవ్వారు. కొంతమంది నవ్వలేదు. పెద్దావిడ మూట మీంచి మెడ సాచి, ‘కార్యదర్శి ఎవరు?’ అంది. బ్యాంకు గుమస్తా వేలుపెట్టి చూపించాడు. ఆవిడ గొడుగు ఒళ్ళో పెట్టుకుని నోరు మూసుకుంది.

బావ ఇంజను ఆపాడు. ‘మా ఆవిడను సదస్సుకు దింపుదామని బయలుదేరాను బాబాయ్. ఆవిడ ఈ రోజు మాట్లాడాలి. చేతులు ఇటు తిప్పేశాయి. కాలు స్టాపులో ఆపేసింది. జనం ఎక్కేశారు.’

వేరే ఎవరైనా అయితే ఈ మాట నమ్మేవాళ్ళు కాదు. అక్కడున్నవాళ్ళంతా డ్రైవర్లే. ఒక్కొక్కరే తలలూపడం మొదలుపెట్టారు. ఒకాయన తన అత్తవారి కారులో కూడా ఇలాగే బస్‌స్టాపులో ఆపానని ఒప్పుకున్నాడు.

‘నమ్ముతానయ్యా,’ అన్నాడు స్పానరు బాబాయి. ‘కానీ సమ్మె రోజున నువ్వే జనాన్ని ఎక్కించుకుని తిరిగితే రేపు ఈ పిల్లలకు నేనేం చెప్పాలి?’

‘ఏమీ చెప్పక్కర్లేదు. ఇక్కడి నుంచి నేను నడపను,’ అని బావ దిగేశాడు.

వ్యానులో గోల మొదలైంది. అక్క గడియారం చూసుకుంది. ఇప్పుడు నాకు అర్థమైంది, అక్క ప్రసంగం ఇక్కడే, ఈ డిపో గేటు ముందు ఆగిపోబోతోందని. మూడోసారి కూడా. అంతలో బావ నా వైపు తిరిగాడు.

‘నువ్వు దిగి ముందుకు రా.’

నాకు లైసెన్సు ఉంది. నేర్పింది బావే. నేర్పినన్నాళ్ళూ పక్క సీట్లో కూర్చుని, అక్కడ లేని బ్రేకు తొక్కుతూ, నా ప్రాణం తోడేశాడు. లైసెన్సు వచ్చాక నేను ఒంటరిగా ఊళ్ళో బండి నడిపింది లేదు. ‘నా వల్ల కాదు బావా,’ అన్నాను.

‘అవుతుంది. ఇలా రా, బండి అప్పగిస్తాను.’

ఆయన తాళం నా చేతిలో పడేసి పోలేదు. నన్ను వెంటపెట్టుకుని వ్యాను చుట్టూ తిరిగాడు. చక్రం చక్రం దగ్గర ఆగాడు. ‘క్లచ్చి గట్టిగా ఉంది, భయపడకు, పూర్తిగా తొక్కు. కుడి అద్దం వదులు, గతుకులో పక్కకు తిరిగిపోతుంది, చేత్తో సరిచేసుకో. వెనక మూట మీద పెద్దావిడ కూర్చుంది, పట్టుకోవడానికి ఏమీ లేదు, మలుపుల్లో నెమ్మదిగా పో. పన్ను నొప్పాయన తలుపు పక్కనే ఉన్నాడు, గతుకుల్లో దవడ అదిరితే ప్రాణం పోతుంది. ముందు సీట్లో మీ అక్క. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. దిగేలోపల ఆ డబ్బాలోది రెండు ముద్దలైనా తినిపించు. కాయితాలు ఒళ్ళో పెట్టుకుంది, కిటికీ గాలికి ఎగిరిపోతాయి, అద్దం ఎత్తి ఉంచు.’

నేను సీట్లో కూర్చున్నాక బయట నిలబడి తలుపు తనే వేశాడు. అక్క ఆయన వంక అదోలా చూసింది. ‘మరి మీరు?’ అంది.

‘నేను నడిచి వస్తాను. నడవడానికి సమ్మె అడ్డం రాదు కదా,’ అన్నాడు. అని, వ్యాను రేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు.

నేను ఎలా నడిపానో నన్ను అడగొద్దు. రెండుచోట్ల ఇంజను ఆగిపోయింది. కుడి అద్దం గతుకులో పక్కకు తిరిగింది. మలుపుల్లో ఎంత నెమ్మదిగా పోయానంటే నడిచేవాళ్ళు మమ్మల్ని దాటుకుంటూ పోయారు. మధ్యమధ్యలో నాకు తెలియకుండానే పక్క సీటు కేసి చూశాను, లేని బ్రేకు ఎవరైనా తొక్కుతున్నారేమోనని. అక్క మాత్రం డబ్బా ఖాళీ చేసింది.

హాలుకు చేరాక తెలిసింది, మా కంగారంతా వృథా అని. మైకాయన రాలేదు. ముఖ్య అతిథి రాలేదు. వరసగా వేసిన కుర్చీల్లో ముందు రెండు వరసలు కూడా నిండలేదు. ఆసుపత్రుల నుంచి నడిచి వచ్చిన నర్సులు కొందరు బూట్లు విప్పి పాదాలు రుద్దుకుంటున్నారు. ఎవరినైనా మాట్లాడించడానికి నిర్వాహకురాలు తలుపు దగ్గరే కాచుకుని ఉంది. ‘మీరొచ్చారా తల్లీ, కాస్త జనాన్ని చేరనిచ్చి మొదట మీరే మొదలుపెట్టండి,’ అంది.

జనాన్ని చేర్చింది మా వ్యానే. కళ్ళ డాక్టరు రాలేదని దారిలోనే ఫోనులో తెలిసింది, పన్ను డాక్టరూ రాలేదు, బ్యాంకు తలుపులు తెరవలేదు. తిరిగి వెళ్ళడానికి వాళ్ళకు నేనే గతి. అందరూ నా వెనకే హాల్లోకి వచ్చి ఫ్యాను కింద కుర్చీలు చూసుకున్నారు. పెద్దావిడ ఆఖరి వరసలో, తలుపు పక్క కుర్చీలో గొడుగు పెట్టి, తను దాని పక్కన కూర్చుంది.

అక్క వేదిక ఎక్కింది. కాయితాలు సర్దుకుంది. ‘నేటి ఆధునిక వైద్యరంగంలో నర్సుల పాత్ర బహుముఖమైనది’ అని మొదలుపెట్టింది. అద్దం ముందు నెల రోజులు విన్న వాక్యమే. బాగా లేదని నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. రెండో వాక్యం కోసం కాయితం చూసింది. ఖాళీ కుర్చీలు చూసింది. మళ్ళీ కాయితమే చూసింది. నిండుకుండ లాంటి మా అక్క కాయితాలు ముందుకీ వెనక్కీ తిరగేయడం నాకు వెనక వరసలోకి కూడా కనిపించింది. ఇంతకాలం ఎదురుచూసింది దీని కోసమా అని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు అక్క బల్ల మీద ఒక్కసారి కొట్టింది. ఆగమని. తనకు తనే చెప్పుకుంది.

ఆ నిశ్శబ్దంలో వెనక తలుపు కిర్రుమంది. మా బావ. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది, మోకాళ్ళ దాకా దుమ్ము. డిపో నుంచి అడ్డదారిన వస్తే మాకంటే ముందే చేరి ఉండేవాడు. కానీ ఈయన బస్సు రూటులోనే నడిచాడు. కూరగాయల మార్కెట్టు దగ్గర ఒకవైపు రోడ్డు చుట్టూ తిరిగి మరీ వచ్చాడు. నడిచేవాడికి ఒకవైపు రోడ్డేమిటని తరవాత అడిగితే, ‘తోచలేదు’ అన్నాడు. డిపో నుంచి ఊరి చివరదాకా. పెద్దావిడ నోటి చలవ.

అక్క ఆయన్ను చూసింది. కాయితాలు బోర్లించి బల్ల మీద పెట్టింది. రెండుసార్లు టకటకమని కొట్టి, మొదలుపెట్టింది.

‘ఈ రోజు పొద్దున ఒక డ్రైవరు ఇంకో డ్రైవరుకు బండి అప్పగించడం చూశాను,’ అంది. అద్దం పక్కకు తిరిగిపోతుందని చెప్పాడంది. మూట మీద పెద్దావిడకు పట్టుకోవడానికి ఏమీ లేదని చెప్పాడంది. పన్ను నొప్పాయన సంగతి, ఏమీ తినని మనిషి సంగతి చెప్పాడంది. ‘డ్యూటీ మారేటప్పుడు మనం వార్డు ఎలా అప్పగిస్తున్నాం? అంతా బాగానే ఉంది అని చెప్పి సంచీ తగిలించుకుని పోతున్నాం. మా వార్డులో అలా పోనివ్వను. ఇద్దరూ కలిసి మంచం మంచం దగ్గరికి నడవాలి. చీటీలో రాయని మాట ఒక్కటి చెప్పాలి. ఈయనకు చీకటంటే భయం. ఈవిడకు ఎడమ చెవి వినపడదు, కుడివైపు నిలబడి మాట్లాడండి. ఈ పిల్ల మందు మింగినట్టు నటిస్తుంది.’

నర్సులు పాదాలు రుద్దుకోవడం ఆపేశారు. ఒకావిడ తలూపుతూ పక్కావిడ చెయ్యి పట్టుకుంది.

‘ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని నన్ను చాలామంది అడిగారు. పుస్తకంలో అని చెప్పేదాన్ని. అబద్ధం. పెళ్ళయిన కొత్తలో మా ఆయనకు అన్నం పట్టుకుని డిపోకు వెళ్ళాను. ఆయన నన్ను చూడలేదు. తరవాతి డ్రైవరుతో బస్సు చుట్టూ తిరుగుతున్నాడు. ఫలానా స్టాపులో ఒక ముసలాయన కర్రతో వస్తాడు, ఆలస్యమైనా ఆగు అని చెబుతున్నాడు. ఆ మర్నాడే నేను వార్డులో మొదలుపెట్టాను. ఇన్నేళ్ళయినా ఆయనతో ఈ మాట చెప్పలేదు. చెబితే నెత్తికెక్కుతాడని.’

హాల్లో నవ్వులు. అక్క నవ్వలేదు. చెయ్యెత్తి తలుపు వైపు చూపించింది.

‘అదుగో, ఆ నిలబడ్డాయనే. మీరంతా ఈ రోజు కాళ్ళీడ్చుకుంటూ రావడానికి కారణం ఆయనే. నేను ఇక్కడ నిలబడి మాట్లాడటానికి కారణం కూడా ఆయనే.’

అన్ని తలలూ వెనక్కి తిరిగాయి. బావ కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. ఈసారి ఎటూ కదల్లేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తెలియడం లేదు ఆ మనిషికి. ఏడిపిద్దామని నోటిదాకా వచ్చిన మాట నేను మింగేశాను.

పెద్దావిడ పక్క కుర్చీలోంచి తన గొడుగు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

‘నిలబడ్డావేం నాయనా,’ అంది. ‘చాలా దూరం నడిచావు. సీటుంది, కూర్చో.’